అంగన్‌వాడీ తిండికీ నడివయసు గుండెజబ్బుకూ లంకె ఉందా?

గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు ప్రభుత్వం అందించే అదనపు పోషకాహారం అప్పటికప్పుడు బరువు తక్కువను సరిదిద్దడానికే పరిమితమా, లేక ఆ పిల్లలు పెద్దయ్యాక మధుమేహం, గుండెజబ్బుల బారిన పడకుండా కూడా అడ్డుపడుతుందా అన్న ప్రశ్నకు మూలం ఇంగ్లండులో ఉంది. దానికి జవాబు వెతికిన అరుదైన చోట్లలో హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెలు ఒకటి.

ఇంగ్లండులోని హర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 1911 నుంచి పుట్టిన ప్రతి శిశువు బరువునూ, ఏడాది నిండాక మళ్లీ తూచిన బరువునూ రిజిస్టర్లలో నమోదు చేసేవారు. బ్రిటిష్ వైద్య పరిశోధకుడు డేవిడ్ బార్కర్ బృందం ఆ రిజిస్టర్ల ఆధారంగా 1911–30 మధ్య పుట్టిన 5,654 మంది పురుషుల వివరాలు పరిశీలించి, పసితనంలో బరువు తక్కువగా ఉన్నవారే గుండెజబ్బుతో ఎక్కువగా మరణించారని 1989లో ప్రకటించింది. అయితే పేదింట్లో బిడ్డ చిన్నగా పుట్టడమూ, ఆ బిడ్డకు తర్వాత గుండెజబ్బు రావడమూ రెండూ పేదరికం వల్లనే కావచ్చు కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. పాత రిజిస్టర్లు ఎన్ని తిరగేసినా అది పూర్తిగా తీరేది కాదు.

ఆ చిక్కును కొంతైనా విప్పే అవకాశం మన దగ్గర దాదాపు యాదృచ్ఛికంగా ఏర్పడింది. అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975లో మొదలైనా అన్ని ప్రాంతాలకూ ఒకేసారి చేరలేదు. 1987–90 మధ్య హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, పథకం అప్పటికే అందుతున్న 15 గ్రామాలను, ఇంకా అందని పక్క ప్రాంతంలోని 14 గ్రామాలతో పోల్చింది. మొక్కజొన్న, సోయా పిండితో, సోయా నూనెతో చేసిన ఉప్మా గర్భిణులకు, బాలింతలకు రోజుకు సుమారు 500 కిలోక్యాలరీలు, పిల్లలకు 300 కిలోక్యాలరీలు ఇచ్చేది. అప్పట్లో వారు చూసింది జనన బరువునే. గుండె ఊసు అందులో లేదు.

ఆ పిల్లలు 13–18 ఏళ్ల వయసుకు వచ్చాక, 2003–05లో సంజయ్ కిన్రా, కె.వి. రామేశ్వర శర్మ తదితరులు 1,165 మందిని మళ్లీ పరీక్షించారు. 2008లో వెలువడిన ఫలితాల ప్రకారం, పథకం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ; వారిలో ఇన్సులిన్ నిరోధకత (ఇన్సులిన్‌కు ఒళ్లు సరిగా స్పందించకపోవడం; మధుమేహానికి దారితీసేది), రక్తనాళాల బిరుసుతనం తక్కువ. రక్తపోటులో, కొలెస్ట్రాల్‌లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పైగా గ్రామాలను చీటీ వేసి ఎంచలేదు గనుక, రెండు ప్రాంతాల మధ్య ముందునుంచే తేడాలు ఉండి ఉండవచ్చు. ఈ జాగ్రత్తలు పక్కకు పోయి, శుభవార్త ఒక్కటే ఎక్కువగా ప్రచారమైంది.

ఆ తర్వాతి అధ్యాయం అంత ఉత్సాహకరంగా లేదు. అదే తరం ఇరవైల్లోకి వచ్చాక జరిపిన పరీక్షల ఫలితాలు 2020లో వెలువడ్డాయి: గర్భకాలపు అదనపు ఆహారం వల్ల గుండెజబ్బు ముప్పు తగ్గిందనడానికి ఆధారం దొరకలేదు. దీంతో ఆ తిండి వృథా అనుకోవడం పొరపాటు. తల్లీబిడ్డల ఆకలి తీర్చడానికి ముప్పై ఏళ్ల తర్వాతి గుండె సాక్ష్యం అక్కర్లేదు. కాని అంగన్‌వాడీలకు ఇవ్వవలసిన నిధుల కోసం భవిష్యత్తు గుండెజబ్బులను చూపే వాదన మాత్రం బలహీనపడిందని ఒప్పుకోవాలి.

ఇంతలో పరిశోధన మరోవైపు మళ్లింది. పుణె సమీప గ్రామాల్లో 1993 నుంచి తల్లుల పోషణను అధ్యయనం చేస్తున్న చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం, మన శిశువులు బరువు తక్కువగా పుట్టినా ఒంట్లో కొవ్వు వాటా ఎక్కువని చూపింది. గర్భిణుల్లో బి12 విటమిన్ లోపానికీ పిల్లల ఇన్సులిన్ నిరోధకతకూ సంబంధం ఉన్నట్టు గుర్తించింది. అందుకే 2012లో అక్కడ మొదలైన ప్రయోగంలో, ఆ అధ్యయనంలో పుట్టి పెరిగిన యువతీయువకులకే, వారింకా తల్లిదండ్రులు కాకముందే, బి12 ఇవ్వడం ప్రారంభించారు.