పట్టు వదలని పిక్క

చిరంజీవులకు,

మీ ఉత్తరం అందింది. 2023 నవంబరు 7న ముంబై వాంఖడే స్టేడియంలో ఆస్ట్రేలియా, అఫ్ఘానిస్థాన్ జట్లు ఆడిన ప్రపంచకప్ మ్యాచ్ వీడియో చూశామనీ, అందులో గ్లెన్ మాక్స్‌వెల్ కొట్టిన సిక్సర్ల కన్నా అతను కాళ్లు కొయ్యబారి మైదానంలో వెల్లకిలా పడి విలవిల్లాడిన దృశ్యమే ఎక్కువ గుర్తుండిపోయిందనీ రాశారు. అంత బలమైన మనిషికి పిక్కలు ఎందుకు పట్టేశాయని ఒక ప్రశ్న. ఆటలో ఎలాగూ పరుగెత్తుతాం కదా, ఆటకు ముందే గ్రౌండు చుట్టూ పరుగెత్తించి మమ్మల్ని అలిసిపోయేలా చేయడం దేనికని రెండో ప్రశ్న. రెండో దానిలో కొంచెం బద్ధకం కూడా కలిసి ఉందని నా అనుమానం. అయినా రెండూ మంచి ప్రశ్నలే, పైగా రెండింటికీ జవాబు ఒక్కచోటే దొరుకుతుంది.

ముందు ఈ కాగితం పక్కన పెట్టి లేచి నిలబడండి. ఒక అరచేతిని పిక్క మీద ఆనించి, మునివేళ్ల మీద పైకి లేవండి. చేతి కింద కండరం రాయిలా గట్టిపడుతుంది. ఇప్పుడు మడమ నేలకు దించండి. క్షణంలో మెత్తబడింది, చూశారా? గట్టిపడటం గురించి అందరూ మాట్లాడతారు, బలమంటే అదేననుకుంటారు. మెత్తబడటం మాత్రం దానంతట అదే జరిగిపోతుందని మన నమ్మకం. నిజానికి అలా జరగదు. కండరానికి బిగుసుకోవడం ఎంత పనో, వదులు కావడమూ అంత పనే.

నేను మీ ఈడులో ఉన్నప్పుడు మా ఇంటి నీళ్లన్నీ చేదబావి నుంచే వచ్చేవి. బావిలో నీళ్లు తోడటం ఎరుగని వాళ్ల కోసం చెబుతున్నాను: తాడును ఒక్క ఊపులో లాగేయలేం. ఒక చేత్తో పట్టి ఛాతీ దాకా లాగాలి. ఈలోగా రెండో చెయ్యి కిందికి వెళ్లి తాడును అందుకోవాలి. అది పట్టు బిగించాక మొదటి చెయ్యి వదిలేసి మళ్లీ కిందికి వెళ్లాలి. నేర్చుకునే పిల్లవాడికి లాగడం మొదటి రోజే వచ్చేస్తుంది, వదలడమే రాదు. పట్టు తప్పితే చేద బావిలో పడిపోతుందన్న భయంతో రెండు చేతులూ బిగించేస్తాడు. చేద సగం దూరంలో వేలాడుతూ ఉంటుంది, అరచేతులు కందిపోతాయి. నావీ కందిపోయాయి. గట్టు మీద కూర్చున్న మా అమ్మమ్మ "వదలరా, వదిలితేనే పైకొస్తుంది" అని అరిచేది. పక్కన నిలబడిన మా చిన్నాన్న "తాడు జారిపోతోంది, లాగు, లాగు" అని అంతకన్నా గట్టిగా అరిచేవాడు. వాళ్లిద్దరినీ గుర్తుపెట్టుకోండి, ఈ ఉత్తరంలో వాళ్లతో ఇంకా పని ఉంది.

మీ పిక్కలోని ప్రతి తంతువులోనూ ఇదే తోడకం సాగుతూ ఉంటుంది. ఆక్టిన్ అనే సన్నని ప్రోటీను పోగు తాడు. మయోసిన్ అనే లావుపాటి పోగు నుంచి బయటికి పొడుచుకొచ్చిన చిన్న చిన్న తలలు చేతులు. ఆ చేతులు తాడును పట్టి, లాగి, వదిలి, మళ్లీ కొంచెం ముందుకు పట్టుకుంటాయి. తాడు పొట్టి కాదు, చేతులూ పొట్టి కావు, ఒకదాని పక్కగా ఒకటి జారడం వల్లే కండరం మొత్తం పొట్టిబడుతుందని 1954లో ఆండ్రూ హక్స్‌లీ, హ్యూ హక్స్‌లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తమ తమ సహచరులతో కలిసి, విడివిడిగా, 'నేచర్' పత్రిక ఒకే సంచికలో ప్రకటించారు. ఇంటిపేరు ఒకటే అయినా వాళ్లకు చుట్టరికం లేదు.

ఇందులో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే సంగతి ఒకటుంది. పట్టుకున్న చెయ్యి తాడును వదలాలంటే దానికి ఏటీపీ అనే అణువు ఒకటి అందాలి. ఏటీపీ అంటే కణాల్లో శక్తిని మోసుకొచ్చేది. లాగమన్న కబురు తెచ్చే కాల్షియాన్ని పని అయ్యాక తిరిగి దాని అరలోకి పంపడానికీ ఏటీపీయే ఖర్చవుతుంది. ప్రాణం పోయిన కొన్ని గంటలకు శరీరం కొయ్యబారుతుందని మీరు వినే ఉంటారు. ఏటీపీ తయారీ ఆగిపోవడంతో ఆ చేతులు తాడును వదలలేక అలాగే ఉండిపోవడమే అది. వదలడానికి ప్రాణం కావాలన్నమాట.

అయితే ఆటగాడి పిక్క పట్టేసినప్పుడు ఏటీపీ నిండుకున్నదనుకోకండి. అక్కడ తేడా వచ్చేది చేతుల్లో కాదు, కేకల్లో. ప్రతి కండరంలోనూ సాగుదలను కనిపెట్టే సూక్ష్మమైన గ్రాహకాలుంటాయి. కండరం సాగితే అవి వెన్నుపాముకు కబురు పంపుతాయి, అక్కడి నుంచి "లాగు" అన్న ఆజ్ఞ తిరిగి వస్తుంది. ఇవి మా చిన్నాన్న. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయుబంధనంలో మరో రకం గ్రాహకాలుంటాయి. ఇటలీ శాస్త్రవేత్త కమిల్లో గాల్జీ పేరుతో వాటిని పిలుస్తారు. బిగువు పెరిగే కొద్దీ అవి "చాలు, వదులు" అని చెబుతాయి. ఇవి మా అమ్మమ్మ. ఇద్దరి మాటా సమంగా వినిపిస్తున్నంత సేపు తోడకం సాఫీగా సాగుతుంది. కండరం బాగా అలిసిపోయినప్పుడు మాత్రం చిన్నాన్న కేకలు ఎక్కువైపోతాయి, అమ్మమ్మ కునుకు తీస్తుంది. వెన్నుపాములోని నాడీకణాలు ఆగకుండా "లాగు" అంటూనే ఉంటాయి. చేతులు పట్టిన తాడును మళ్లీ మళ్లీ పడుతూనే ఉంటాయి. పిక్క గడ్డకట్టినట్టు బిగిసి, నొప్పితో మనిషి కూలబడతాడు. దక్షిణాఫ్రికాకు చెందిన మార్టిన్ ష్వెల్నస్ 1997లో ముందుకు తెచ్చిన వివరణ ఇంచుమించు ఇదే, మా అమ్మమ్మా చిన్నాన్నా లేకుండా.

మాక్స్‌వెల్ సంగతి ఇప్పుడు మీకే తెలిసిపోతుంది. ముంబై వేడిలో 50 ఓవర్లు ఫీల్డింగ్ చేసి, ఆ తర్వాత 91 పరుగులకే 7 వికెట్లు పోయిన జట్టును ఒంటిచేత్తో మోస్తూ గంటల తరబడి ఆడాడు. బలం లేక పడిపోలేదు, బలాన్ని చివరిదాకా వాడేశాడు కాబట్టి పడిపోయాడు. పరుగెత్తలేని స్థితిలో నిలబడినచోటే నిలబడి బ్యాటు తిప్పి 128 బంతుల్లో 201 పరుగులతో అజేయంగా నిలవడం ఎలా సాధ్యమైందో వివరించడం నా వల్ల కాదు. అది చూసి నోరు తెరవడమే మన పని.

పిక్క పట్టినవాడి పాదాన్ని పట్టుకుని, కాలివేళ్లను మోకాలి వైపుకు మెల్లగా వంచడం మీరు చూసే ఉంటారు. అలా వంచితే కండరం సాగి, స్నాయుబంధనం బిగువెక్కుతుంది. కునుకు తీస్తున్న అమ్మమ్మను తట్టి లేపడమే అది. బిగువు తగిలితే తప్ప ఆమెకు మెలకువ రాదు. పాదాన్ని కిందికి చాచి ఈదే ఈతగాళ్లకూ, నిద్రలో పాదం వాలిపోయి పిక్క పొట్టిగా ముడుచుకున్నవాళ్లకూ పిక్కలు పట్టడానికి కారణం ఇదే: పొట్టిబడి ఉన్న కండరంలో స్నాయుబంధనం వదులుగా ఉంటుంది, ఆమె నోరు విప్పదు. సాగదీయడం మాత్రం మెల్లగా, పట్టు విడిచేదాకా జరగాలి. స్నేహితుడి కాలును ఒక్కసారిగా గుంజితే కండరం చిరిగే ప్రమాదం ఉంది.

ఉప్పు తగ్గడం వల్లే కండరాలు పట్టేస్తాయని మీరు విని ఉంటారు. ఆ మాట గాలిలోంచి పుట్టలేదు. 1920లలో బ్రిటన్ బొగ్గుగనుల్లో చెమటలు కక్కుతూ పనిచేసిన కార్మికులు వట్టి నీళ్లు విపరీతంగా తాగి కండరాల నొప్పులతో మెలికలు తిరిగేవారు, నీళ్లలో ఉప్పు కలిపి ఇస్తే చాలావరకు కుదుటపడేవారు. ఎండలో గంటల కొద్దీ చెమటోడ్చే వాళ్లకు నీళ్లూ ఉప్పూ రెండూ కావలసిందే. కానీ దూరపు పరుగులు తీసేవాళ్లలో పిక్కలు పట్టినవాళ్ల రక్తాన్నీ పట్టనివాళ్ల రక్తాన్నీ పరీక్షిస్తే లవణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మీరూ ఆలోచించండి: రక్తం ఒళ్లంతా తిరుగుతుంది కదా, లోటు దానిలోనే ఉంటే ఎక్కువ పనిచేసిన ఆ పిక్కే పట్టి చేతులూ మెడా ఎందుకు హాయిగా ఉన్నాయి? 2010లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగంలో విద్యుత్తుతో కాలి బొటనవేలి కండరాన్ని పట్టేసేలా చేసి, దోసకాయలు ఊరబెట్టిన పుల్లని ఉప్పునీరు తాగించారు. మంచినీళ్లు తాగినప్పటి కన్నా ముందే, ఒకటిన్నర నిమిషంలోపే పట్టు సడలింది. అంత తక్కువ వ్యవధిలో ఆ ఉప్పు రక్తంలో కలవదు. గొంతులో ఆ ఘాటు తగిలిన నాడులు వెన్నుపాములోని కేకలను అణచి ఉంటాయని పరిశోధకులు భావించారు. ఇది చదివి వంటింటి మీద పడకండి.

ఇక మీ బద్ధకపు ప్రశ్న. చలికాలం పొద్దున్నే బావి దగ్గరికి వెళితే చేతులు కొంకర్లు పోయి ఉండేవి, మంచుకు తడిసిన తాడు బిరుసుగా ఉండేది. మొదటి చేద పైకి రావడానికి ఎంతో సేపు పట్టేది. నాలుగు చేదలు తోడేసరికి చేతులు సాగేవి, తాడూ సాగేది. విశ్రాంతిగా ఉన్న కాలి కండరం మన ఒంటి లోపలి 37 డిగ్రీల కన్నా ఒకటి రెండు డిగ్రీలు చల్లగా ఉంటుంది. కదలడం మొదలుపెట్టాక కండరం తాను ఖర్చు చేసే శక్తిలో పావు వంతు మాత్రమే పనిగా మారుస్తుంది, మిగిలినదంతా వేడి. కండరాల్లో పుట్టే ఈ వేడిని కొలిచినందుకే ఆర్చిబాల్డ్ హిల్ అనే ఆంగ్లేయుడికి 1922 నోబెల్ బహుమతి దక్కింది. పది పదిహేను నిమిషాలు మెల్లగా పరుగెత్తితే పిక్క 38 డిగ్రీల దాకా చేరుతుంది. ఆ కాస్త వేడికే నాడుల్లో కబుర్లు వేగంగా నడుస్తాయి, రక్తం తాను తెచ్చిన ఆక్సిజన్‌ను తేలికగా వదిలిపెడుతుంది. అన్నిటికన్నా నాకు నచ్చిన మాట ఇది: వెచ్చబడిన కండరం కాల్షియాన్ని త్వరగా అరలోకి పంపేసి, చల్లని కండరం కన్నా చురుగ్గా వదులవుతుంది.

రక్తం సంగతి కూడా చెప్పాలి. ఊరికే కూర్చున్నప్పుడు గుండె పంపే రక్తంలో అయిదో వంతు కండరాలకు వెళుతుంది. ప్రాణం పెట్టి పరుగెత్తేటప్పుడు అయిదింట నాలుగు వంతులు వాటికే కావాలి. ఆ దారులన్నీ తెరుచుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ వ్యవధి ఇవ్వకుండా ఒక్కసారిగా దూకితే కండరం మొదటి నిమిషాల్లోనే అప్పు చేసి పనిచేస్తుంది, త్వరగా అలిసిపోతుంది. అలసట ముందే వస్తే పట్టేయడమూ ముందే వస్తుంది. మీరు ముందుగా తీసే ఆ పరుగు అలసటను పెంచేది కాదు, వాయిదా వేసేది.

అలాగని అదొక తాయెత్తు కాదు. సాధనలో తీసిన వేగం కన్నా ఎక్కువ వేగంతో పందెం మొదలుపెట్టినవాళ్లకే పిక్కలు ఎక్కువగా పడతాయని దూరపు పరుగుల మీద జరిగిన పరిశీలనల్లో తేలింది. నెలల తరబడి ఎగ్గొట్టిన సాధనను పది నిమిషాల వార్మప్ పూడ్చలేదు, నేను ఈ మాట కొంచెం గట్టిగానే చెబుతున్నాను. గాయాల విషయంలో మాత్రం వార్మప్ మేలు స్పష్టంగా కనిపించింది. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల ఫుట్‌బాల్ అమ్మాయిల చేత 'ఫిఫా 11+' అనే ఇరవై నిమిషాల వార్మప్ వ్యాయామాలు చేయించి చూస్తే తీవ్రమైన గాయాలు తగ్గాయని 2008లో ప్రచురితమైన అధ్యయనం చెబుతోంది.

మీరు చేయవలసింది కష్టమైనదేమీ కాదు. మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత మెల్లగా మొదలుపెట్టండి. ఒంటికి సన్నగా చెమట పట్టాక మోకాళ్లు పైకెత్తి, కాళ్లు ముందుకూ వెనక్కూ ఊపి, పక్కలకు అడుగులు వేసి, చివర రెండు మూడు చిన్న దౌడులు తీయండి. ఒకే భంగిమలో నిమిషాల కొద్దీ బిగపట్టి సాగదీసే వ్యాయామాలు ఆట అయ్యాకే చేయండి, ముందు చేస్తే కండరం జోరు కాస్త తగ్గుతుంది. ఆట మొదలయ్యేలోగా మళ్లీ చల్లబడేదాకా కూర్చోకండి. ఏ పనీ చేయకపోయినా తరచూ పిక్కలు పడుతుంటే మాత్రం ఇంట్లో చెప్పి డాక్టరుకు చూపించుకోండి.

ఈసారి ఫుట్‌బాల్ మ్యాచ్ అదనపు సమయంలోకి వెళితే బంతిని కాసేపు వదిలేసి రెండు చోట్ల చూడండి. ఒకటి, గీత పక్కన అటూ ఇటూ పరుగెడుతున్న సబ్‌స్టిట్యూట్లు ఏ వరుసలో ఏం చేస్తున్నారో. రెండు, ఎవరైనా పిక్క పట్టుకుని కూలబడితే చాలాసార్లు ప్రత్యర్థి జట్టువాడే ముందుగా వచ్చి ఆ కాలు ఎత్తిపట్టుకుంటాడు. అతను పాదాన్ని ఏ వైపుకు వంచాడో, ఎంతసేపు పట్టి ఉంచాడో గమనించండి. తొడ వెనక కండరం పట్టినప్పుడు మాత్రం పాదం వంచితే సరిపోదు, ఇంకేదో చేస్తారు. అదేమిటో, ఎందుకో చూసి నాకు రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య