అరికాలి బొబ్బలో తెగినదేమిటి?

అలిపిరి పాదాల మండపం దగ్గర చెప్పులు విడిచి, 3,550 మెట్లూ వట్టి కాళ్లతో ఎక్కేవారిలో, రోజూ చెప్పులతోనే తిరిగే అలవాటున్నవారికి దారిలోనే అరికాళ్లు మండడం మొదలవుతుంది. ఒక ధనుర్మాసంలో మా అక్క కూతురిని వెంటబెట్టుకొని ఎక్కుతుండగా, గాలిగోపురం దగ్గర ఆ పిల్ల మెట్టు మీద కూలబడి కాలు తిప్పి చూపింది. బొటనవేలి మొదట్లో రూపాయి బిళ్లంత బొబ్బ లేచింది. పైపొర ఎక్కడా చిరగలేదు, నెత్తురు చుక్క లేదు, లోపల మాత్రం తేటనీరు నిండి ఉంది. "తోలు చినగకుండా లోపలికి నీళ్లెట్లా పోయినాయి మామా?" అని అడిగింది. చర్మం అనేది విడివిడి కణాలతో కట్టినదైతే, ఆ కణాలను ఇన్నాళ్లూ పట్టి ఉంచినదేమిటి అన్న పెద్ద ప్రశ్న ఆ చిన్న ప్రశ్నలోనే ఉంది.

ఆ నీరు బయటినుంచి వచ్చింది కాదు. మెట్టు రాయి పైచర్మాన్ని ఒక వైపుకు లాగుతుంటే, లోపలి ఎముక శరీరం బరువుతో మరో వైపుకు కదులుతుంది. ఈ రెండు లాగుళ్ల నడుమ బాహ్యచర్మపు మధ్యవరుసల్లోని కణాలు నలిగి ఒకదాన్నుంచి ఒకటి విడిపోతాయి. ఆ ఖాళీలోకి కింది కణజాలం నుంచి ద్రవం ఊరుతుంది. అంటే బొబ్బలో ముందుగా జరిగింది కణాల మధ్య పట్టు తెగడం, నీరు చేరడం ఆ తరువాతి సంగతి.

ఈ మధ్యవరుస కణాలను డిగ్రీ కాలేజీ జంతుశాస్త్ర ప్రయోగశాలలో రంగు వేసిన చర్మపు స్లైడ్ మీద చూసినవారికి అవి గుర్తుండే ఉంటాయి. ప్రతి కణం చుట్టూ రేగుముళ్ల వంటి సన్నని మొనలు కనిపిస్తాయి, ప్రతి మొన పక్క కణపు మొనను తాకుతూ ఉంటుంది. అందుకే వీటికి ముళ్లకణాలని పేరు. స్లైడు తయారీలో కణాలు కుంచించుకుపోతాయి గాని, పక్కవాటిని గట్టిగా పట్టుకున్న చోట్ల మాత్రం వదలవు. ఆ వదలని చోట్లే ముళ్లలా సాగి కనిపిస్తాయి. 19వ శతాబ్దంలోనే ఇటలీ శాస్త్రవేత్త జూలియో బిజోజెరో ఈ మొనలు కలిసే చోట చిన్న ముడుల్లాంటివి ఉన్నాయని గమనించి, కణాలు అంటుకొని ఉండే తావులు అవేనని ఊహించాడు. ఆ ముడులకే తరువాత డెస్మోజోములు అనే పేరు స్థిరపడింది. గ్రీకు భాషలో డెస్మోస్ అంటే కట్టు.

ఆ కట్టులో ఉన్న పదార్థమేమిటో తెలియడానికి చాలా కాలం పట్టింది. అందులో ఒక ముఖ్యమైన మలుపు మసతోషి తకేయిచి అనే జపాన్ శాస్త్రవేత్త వల్ల వచ్చింది. క్యోటోలో ఆయన కణాలను ట్రిప్సిన్ అనే ఎంజైముతో విడదీసి ద్రావణంలో వదిలితే అవి త్వరలోనే మళ్లీ గుంపు కట్టేవి. 1970ల్లో అమెరికాలోని బాల్టిమోర్‌లో కార్నెగీ సంస్థ ప్రయోగశాలకు వెళ్లి అదే పని చేస్తే కణాలు కలవలేదు. ఎందుకని వెతికితే తేడా ట్రిప్సిన్ ద్రావణంలో దొరికింది. అక్కడి ద్రావణంలో ఇ.డి.టి.ఎ. అనే రసాయనం కలిపి ఉంది, అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. కాల్షియం ఉన్నంతసేపు కణాల మీది ఒక ప్రోటీన్‌ను ట్రిప్సిన్ ముట్టలేకపోయింది, కాల్షియం పోగానే దాన్ని కోసివేసింది. ఆ ప్రోటీన్ పోయిన కణాలకు పక్క కణాన్ని పట్టుకునే శక్తి కూడా పోయింది. పని చెడినప్పుడు దాన్ని పారబోసి మళ్లీ మొదలుపెట్టకుండా, ఎందుకు చెడిందని ఆగి చూసిన ఆ ఓర్పు నాకు ఎంతో గౌరవించదగినదిగా తోస్తుంది. 1977లో ప్రచురించిన ఆ పరిశీలన నుంచే, కాల్షియం మీద ఆధారపడి అంటుకొనే ప్రోటీన్లకు క్యాడ్హెరిన్లు అనే పేరు రావడానికి దారి ఏర్పడింది.

క్యాడ్హెరిన్ కణపు పొరను గుచ్చుకొని నిలిచే పొడవైన ప్రోటీన్. బయటికి చాచిన భాగంలో సాధారణంగా ఐదు కణుపులు ఉంటాయి. కణుపుకూ కణుపుకూ నడుమ మూడేసి కాల్షియం అయాన్లు కూర్చుంటేనే ఆ చెయ్యి బిగుసుకొని నిలబడుతుంది, లేకపోతే వడలిన తీగలా వాలిపోతుంది. ఎదుటి కణం నుంచి అలాంటిదే మరో చెయ్యి వచ్చినప్పుడు, ఒకదాని కొసన ఉన్న ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం రెండోదానిలోని గుంటలోకి, రెండోదానిది మొదటిదానిలోకి దిగుతాయి. ఒక్క జత పట్టు బలహీనమైనదే, తేలికగా విడిపోతుంది. వందలాదిగా ఒకచోట చేరినప్పుడే అది లాగుడుకు తట్టుకొంటుంది.

అయితే చేతులు ఎంత గట్టిగా కలిసినా, ఆ చెయ్యి భుజానికి అతికి ఉండకపోతే లాభం లేదు. ఈ పని కణం లోపల జరుగుతుంది. డెస్మోజోములో డెస్మోగ్లీన్, డెస్మోకాలిన్ అనే క్యాడ్హెరిన్ల తోకలను ప్లాకోగ్లోబిన్, డెస్మోప్లాకిన్ వంటి ప్రోటీన్లు పట్టుకొని, కణమంతా అల్లుకొన్న కెరాటిన్ తాళ్లకు ముడివేస్తాయి. మన ఊళ్లో పూలు కట్టేవారు ఒకే దారంతో దండంతా కడతారు, అది ఒకచోట తెగితే పూలన్నీ జారిపోతాయి. చర్మంలో ఒకే దారమంటూ లేదు. ప్రతి కణం తన దారాన్ని తన అంచు దాకా తెచ్చి, పక్క కణం దారంతో అక్కడ ముడిపెడుతుంది. అందుకే అరికాలి మీద పడిన బరువు ఏ ఒక్క కణం మీదా ఆగకుండా వేల కణాలకు పంచుకుపోతుంది.

ఈ ముడి ఎంత అవసరమో పెంఫిగస్ అనే వ్యాధి చూపిస్తుంది. ఇందులో రోగి శరీరమే తన డెస్మోగ్లీన్ మీద ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. మెట్లెక్కే రాపిడి అక్కర్లేదు, మంచి చర్మాన్ని కూడా వేలితో గట్టిగా రుద్దితే పైపొర జారిపోతుంది. 1991లో మసయుకి అమగాయ్, జాన్ స్టాన్లీల బృందం ఈ వ్యాధిలో దెబ్బతినే ప్రోటీన్ క్యాడ్హెరిన్ కుటుంబానిదేనని తేల్చింది. నోటి లోపలి పొరలో ఎక్కువగా ఉండేది డెస్మోగ్లీన్-3, చర్మపు పైవరుసల్లో ఎక్కువగా ఉండేది డెస్మోగ్లీన్-1. కాబట్టి 3 మీద మాత్రమే దాడి జరిగితే నోట్లోనే పుళ్లు పడతాయి, 1 మీద మాత్రమే జరిగితే నోటికి ఏమీ కాకుండా చర్మం పైపైన పొరలు లేస్తాయి. పసిపిల్లల్లో కొన్ని స్టెఫిలోకాకస్ బాక్టీరియాలు కలిగించే, లేచిన కాసేపటికే పగిలిపోయే పలచటి నీటిబొబ్బలకు కూడా ఈ డెస్మోగ్లీన్-1 తెగడమే కారణం. అక్కడ ప్రతిరక్షకాలకు బదులు బాక్టీరియా విషం కత్తెరలా పనిచేస్తుంది. వారాల తరబడి మానని నోటిపూతను వేడి చేసిందని సరిపెట్టుకొని, మజ్జిగతోనే కాలం గడపడం మంచిది కాదని, చర్మవైద్యుడికి చూపించాలని ఈ సందర్భంలో తప్పక చెప్పాలి. స్టెరాయిడ్ మందులు రాకముందు పెంఫిగస్ చాలావరకు ప్రాణాంతకమే.

అరికాలికీ గుండెకూ సంబంధం ఉందంటే వింతగా ఉంటుంది. గ్రీసులోని నాక్సోస్ దీవిలో కొన్ని కుటుంబాలవారికి ఉన్నిలాంటి జుట్టు, అరచేతుల్లో అరికాళ్లలో మందపాటి చర్మం, వాటితోపాటు గుండె లయ తప్పే జబ్బు ఉన్నట్టు 1986లో వైద్యులు వర్ణించారు. మూలం ప్లాకోగ్లోబిన్ జన్యువులో ఉందని 2000లో తెలిసింది. గుండె కండరకణాలు కూడా డెస్మోజోములతోనే కలిసి ఉంటాయి, ప్రతి కొట్టుకోవడంలోనూ వాటి మీద లాగుడు పడుతుంది.

ఇక ఆ పిల్ల బొబ్బ సంగతి. మేము దాన్ని గిల్లకుండా గుడ్డ చుట్టి మెల్లగా పైకి వెళ్లాము. కాల్షియం లేకపోతే క్యాడ్హెరిన్ చెయ్యి వాలిపోతుందని పైన చెప్పుకున్నా, మామూలుగా చర్మంలో స్థిరపడిన డెస్మోజోములు ఎంత బిగిసి ఉంటాయంటే కాల్షియం తీసేసినా వదలవు. గాయం తగలగానే మాత్రం దాని అంచునున్న కణాలు ఆ బిగువు సడలించి, మళ్లీ కాల్షియం మీద ఆధారపడే స్థితికి వస్తాయి. అలా సడలితేనే అవి పక్కవాటిని పూర్తిగా విడవకుండా జరిగి, ఖాళీని పూడ్చగలుగుతాయి. పూడ్చాక మళ్లీ బిగుసుకొంటాయి. వారం తిరిగేసరికి బొబ్బ పైపొర ఎండి ఊడింది, కింద లేత గులాబీ రంగు చర్మం కనిపించింది. ఊడిన ఆ పొరను ఆ పిల్ల వేళ్ల మధ్య పట్టుకొని వెలుతురుకు ఎత్తి చూసింది. అందులోని మృతకణాలు మాత్రం ఇంకా ఒకదాన్నొకటి వదలలేదు.