సగం తిన్న విషం: పారిశ్రామిక నేలల వివాదం వెనుక కథ

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లోపలి పారిశ్రామిక భూములను నివాస, వాణిజ్య అవసరాలకు మార్చుకునేందుకు వీలు కల్పిస్తూ తెలంగాణ ప్రభుత్వం 2025లో తెచ్చిన విధానంతో పాత ప్రశ్న మళ్లీ లేచింది. 9 వేల ఎకరాలకు పైబడిన ఆ నేలల అడుగున ఏముంది? పరిశ్రమల వైపు నుంచి వచ్చే జవాబు చాలాకాలంగా ఒకటే: కాలం గడిస్తే మట్టిలోని సూక్ష్మజీవులే రసాయనాలను తినేస్తాయి.

హైదరాబాద్ శివారు పారిశ్రామికవాడ పటాన్‌చెరు ఎలా పుట్టింది, అక్కడి వ్యర్థాలతో నక్కవాగు ఎలా పాడయింది, 1990లో ఆ కాలుష్యం వ్యవహారం సుప్రీంకోర్టుకు ఎలా చేరింది అన్నవి పాఠకులకు తెలిసినవే. ఇప్పటి తగాదాకు పనికొచ్చేది 2007 నాటి ఒక కొలత.

ఆ ఏడాది స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థజలాలు చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వదిలే నీటి విశ్లేషణను ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందనగానే అందరి దృష్టీ దానిమీదే పడింది. అదే పట్టికలో సెటిరిజిన్ కూడా ఉంది, లీటరుకు 1.3 నుంచి 1.4 మిల్లీగ్రాములు. అంటే జలుబుకు వేసుకునే 10 మిల్లీగ్రాముల మాత్రలో ఉండేంత మందు ఏడెనిమిది లీటర్ల నీటిలో ఉంది. అదీ శుద్ధి చేశాక! ఆ పక్కనే కుంగుబాటుకు వాడే సిటలోప్రామ్. సెటిరిజిన్‌లో క్లోరిన్, సిటలోప్రామ్‌లో ఫ్లోరిన్ ఉన్నాయి. రెండూ కైరల్ అణువులే. అంటే ఒకే అణువుకు, అద్దంలో ప్రతిబింబంలా, కుడి, ఎడమ రూపాలుంటాయి. కుడికాలి చెప్పు ఎడమకాలికి పట్టనట్టే, ఒకదానికి సరిపోయే ఎంజైముకు (అణువును విరగ్గొట్టేందుకు సూక్ష్మజీవి వాడే పనిముట్టుకు) రెండోది సరిగా ఇమడకపోవచ్చు. ఎండకు, ఆవిరికి ఈ తేడా పట్టదు, బ్యాక్టీరియాకు పడుతుంది. 2007 పట్టిక మొత్తం ఎంతో చెప్పింది గానీ, అందులో కుడి ఎంత, ఎడమ ఎంత అన్నది చెప్పలేదు.

ఈ తేడా ఎంత దూరం పోతుందో మన రైతులు ఒకప్పుడు చల్లిన బీహెచ్‌సీ అనే పురుగుమందు పొడిలో చూడవచ్చు. 1997లో నిషేధించిన ఆ మందులో 60 శాతానికి పైగా ఉండేది ఆల్ఫా అనే రకం, అదీ కైరలే. దాన్ని తినే స్ఫింగోబియం ఇండికమ్ బి90ఎ అనే భారతీయ బ్యాక్టీరియాలో, క్లోరిన్‌ను ఊడబెరికే లిన్‌ఎ1, లిన్‌ఎ2 అనే రెండు ఎంజైములు ఉన్నాయని, ఒక్కోటి ఒక్కో రూపాన్ని ఎంచుకుంటుందని 2005లో తేలింది. రెండు ఎంజైములూ ఉన్నచోట కుడి, ఎడమ రూపాలు రెండూ కరుగుతాయి. ఒక్కటే ఉంటే మొత్తం సగానికి పడిపోయి, ఆ తర్వాత తగ్గుదల మందగిస్తుంది. నివేదికలో మాత్రం ‘50 శాతం విచ్ఛిన్నం’ అని కనిపిస్తుంది.

అసలు మలుపు అంతకు ముందే, 1999లో వచ్చింది. బ్రెజిల్, నార్వే, ఉత్తర అమెరికా నేలలపై ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన, కైరల్ కాలుష్యాల్లో సూక్ష్మజీవులు ఏ రూపాన్ని ఎంచుకుంటాయన్నది నేల స్థితిని బట్టి మారుతుందని చూపింది. డైక్లోర్‌ప్రాప్ అనే కలుపుమందు విషయంలో, అడవి మట్టి ఎంపిక ఒకలా, అడవి నరికి పచ్చికబయలు చేసిన మట్టి ఎంపిక మరోలా ఉంది. మట్టిని వేడిచేసినా, పోషకాలు చేర్చినా లెక్క మారింది. ఈ రోజు తీసిన నమూనా రేపు పునాదులు తవ్విన నేలకు వర్తిస్తుందని ఎవరైనా పూచీ ఇవ్వగలరా?

సూక్ష్మజీవులు తింటాయన్న వాదన అబద్ధం కాదు. నీరు నిలిచిన వరి మళ్ల మట్టిలో బీహెచ్‌సీలోనే మరో రకమైన లిండేన్ తరిగిపోతుందని 1966లోనే తేలింది. అయితే ఇసకవాగు, నక్కవాగు పక్కన బోర్లమీద బతికిన రైతులు అడిగేది అది కాదు. ఏది పోయింది, ఏది మిగిలింది, మిగిలింది ఎవరి గొంతులోకి దిగుతుంది అని. మొత్తాన్ని మాత్రమే కొలిచే పరీక్ష అందులో రెండో ప్రశ్నకు సగం జవాబే ఇస్తుంది.

కుడి ఎడమల నిష్పత్తిని కొలవడం అసాధ్యమేమీ కాదు. ఉత్తర సముద్రపు నీటిలో బీహెచ్‌సీ ఆల్ఫా రకానికి 1991లోనే కొలిచారు. మందుల కంపెనీలున్న పటాన్‌చెరులో మాత్రం ఒక చిక్కుంది. బీహెచ్‌సీలోని ఆల్ఫా కుడి, ఎడమ రూపాల్లో సమానంగా తయారయ్యేది గనుక, నిష్పత్తి చెదిరితే అది సూక్ష్మజీవుల పనేనని అనుకోవచ్చు. సెటిరిజిన్ అలా కాదు. ఒక్క రూపమే ఉండే లెవోసెటిరిజిన్ కూడా బజారులో ఉంది. ఏ యూనిట్ ఏది, ఎన్నేళ్లు తయారుచేసిందో తెలియకుండా మొదటి నిష్పత్తి తేలదు. ఆ ఉత్పత్తి రికార్డులు యాజమాన్యాల చేతుల్లోనే ఉంటాయి.