డిక్స్ దుకాణంలో తుపాకుల అరలు ఎలా ఖాళీ అయ్యాయి

అమెరికాలో క్రీడాసామగ్రి అమ్మే పెద్ద దుకాణాల్లో తుపాకులు తగ్గుతున్నాయనగానే చాలామందికి 2018లో డిక్స్ అనే దుకాణాల సంస్థ తీసుకున్న నిర్ణయం గుర్తొస్తుంది. కథ అంతకన్నా పాతది. 1963 మార్చిలో ఒక మనిషి పత్రికలో వచ్చిన కూపన్ నింపి, షికాగోలోని క్లైన్స్ అనే దుకాణానికి 21 డాలర్ల 45 సెంట్లు పంపాడు. డాలస్‌లోని అతని పోస్టు పెట్టెకు రైఫిల్ వచ్చింది. ఆ నవంబరులో అధ్యక్షుడు కెనెడీ ప్రాణం తీసింది ఆ రైఫిలే. పోస్టులో తుపాకులు అమ్మకుండా ఆపడానికి 1968 దాకా పట్టింది.

తర్వాత చట్టం కంటే దుకాణదారులే ముందు నడిచిన సందర్భాలు కనిపిస్తాయి. వాల్‌మార్ట్ 1993లో అలాస్కాలో తప్ప మిగతా చోట్ల పిస్తోళ్లు ఆపింది. కొలంబైన్ పాఠశాల కాల్పుల్లో గాయపడిన విద్యార్థులు స్వయంగా వెళ్లి అడిగాక, 2001లో కేమార్ట్ పిస్తోలు తూటాలు మానేసింది.

డిక్స్ సంగతి వేరు. 1948లో న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్‌టన్‌లో చేపల ఎరలు, గాలాలు అమ్మే చిన్న కొట్టుగా మొదలైన సంస్థ అది. వేట సరుకు దానికి పుట్టుకతో వచ్చిన వ్యాపారం. 2012 డిసెంబరులో శాండీ హుక్ బడిలో 20 మంది పసిపిల్లలు, ఆరుగురు పెద్దలు హతమయ్యాక, సైనిక తుపాకుల్లా ఉండే ఏఆర్-15 తరహా రైఫిళ్లను డిక్స్ దుకాణాల నుంచి తీసేసింది. కానీ తర్వాత తన ఫీల్డ్ అండ్ స్ట్రీమ్ దుకాణాల్లో మళ్లీ అమ్మింది. ఆ వెనకడుగు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

2018 ఫిబ్రవరి 14న పార్క్‌లాండ్ పాఠశాలలో 17 మంది చనిపోయారు. కాల్చినవాడి వయసు 19. డిక్స్ తన రికార్డులు తిరగేస్తే, 2017 నవంబరులో అతను తమ దగ్గరే ఒక షాట్‌గన్ కొన్నాడని తేలింది. కాల్పుల్లో వాడింది అది కాదు. కౌంటరు దగ్గర ఫారం నింపడం, కొనేవారి నేరచరిత్ర చూసే నేపథ్య తనిఖీ జరగడం, అన్నీ పద్ధతి ప్రకారమే సాగాయి. యజమాని ఎడ్ స్టాక్‌ను కలవరపెట్టింది సరిగ్గా ఇదే. ఫిబ్రవరి 28న ఏఆర్-15 తరహా రైఫిళ్ల అమ్మకం పూర్తిగా ఆపేశారు. 21 ఏళ్లు నిండనివారికి ఏ తుపాకీ అమ్మబోమన్నారు. పొడవాటి తుపాకులకు 18 చాలని కేంద్ర చట్టం అంటుంది. మిగిలిపోయిన సుమారు 50 లక్షల డాలర్ల రైఫిళ్లను తిరిగి అమ్మకుండా తుక్కు చేయించారు. వ్యాపారి తన సరుకును తానే తుక్కు చేయించడం చిన్న విషయం కాదు. మాస్‌బర్గ్ లాంటి తుపాకీ తయారీదారులు డిక్స్‌తో తెగతెంపులు చేసుకున్నారు. అమ్మకాల్లో పడిన నష్టం పాతిక కోట్ల డాలర్లని స్టాక్ అంచనా.

అయితే అంతా మనస్సాక్షి వల్లే జరిగిందనడం సరికాదు. వేటగాళ్లే తగ్గుతున్నారు. ప్రభుత్వ సర్వే లెక్కల్లో 2011లో 1.37 కోట్లున్నవారు 2016కి 1.15 కోట్లయ్యారు. పది దుకాణాల్లో తుపాకులతో సహా వేట సరుకు తీసేసి వేరే సామాను పెట్టి చూస్తే అమ్మకాలు మెరుగుపడ్డాయి. దాంతో 2019లో మరో 125 దుకాణాల్లో, 2020లో ఇంకో 440 దుకాణాల్లో వేట సరుకు తీసేస్తామని డిక్స్ ప్రకటించింది.

అదే 2020లో తుపాకుల కోసం జరిగిన నేపథ్య తనిఖీలు 3.97 కోట్లకు చేరాయి, అంతకుముందు ఏడాది 2.84 కోట్లు. డిక్స్ వదులుకున్న గిరాకీ తుపాకులకే ప్రత్యేకమైన చిన్న కొట్లకూ, క్యాబెలాస్ లాంటి వేట దుకాణాలకూ మళ్లింది. చాలా రాష్ట్రాల్లో 18 నిండినవారు అక్కడ ఇప్పటికీ రైఫిల్ కొనుక్కోవచ్చు.