గుంటకో చుక్క: శాటిలైట్ బొమ్మల మీద అపోహలు, వాస్తవాలు

అపోహ: శాటిలైట్ మా చేలో ప్రతి మొక్కనీ చూస్తుంది.

వాస్తవం: ఉచితంగా దొరికే సెంటినెల్-2 (యూరప్ వాళ్ల శాటిలైట్) బొమ్మలో ఒక్కో చుక్క, అంటే పిక్సెల్, 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. తెలంగాణ లెక్కలో దాదాపు ఒక గుంట, ఆంధ్రలో రెండున్నర సెంట్లు. ఎకరానికి 40 చుక్కలు. వాటిలో గట్టు మీద పడ్డవాటిలో మీ వరి, పక్కవాళ్ల మొక్కజొన్న, మధ్యలో తుమ్మచెట్టు అన్నీ కలిసిపోతాయి. అరెకరం మడి సంగతి ఈ బొమ్మతో తేల్చేస్తామని ఎవరైనా అంటే నేనైతే నమ్మను.

అపోహ: పచ్చగా కనిపిస్తే పైరు బాగున్నట్టే.

వాస్తవం: నేను బోల్తా పడ్డది ఇక్కడే. పచ్చటి ఆకు ఎర్ర కాంతిని పీల్చుకుంటుంది, కంటికి కనపడని నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ని తిప్పికొడుతుంది. ఈ రెండింటి తేడాతో కట్టే లెక్కే ఎన్‌డీవీఐ. దానికి పత్తి ఆకూ, గరికా ఒకటే. ఓసారి ఒక పత్తి చేనుకి మంచి మార్కులేసి, తీరా వెళ్లి చూస్తే మోకాలెత్తు కలుపు! "కూలీలు దొరకలేదు సార్" అని రైతు నవ్వేశాడు. పైరు బాగా కమ్ముకున్నాక ఆ అంకె పెద్దగా పెరగదు కూడా. వరి పండే రోజుల్లో దానంతటదే పడిపోతుంది. అది చూసి తెగులనుకుని టెన్షన్ పడి ఫోన్ చేసినవాళ్లున్నారు. తేడా ఎక్కడుందో బొమ్మ చూపిస్తుంది. ఎరువు తక్కువైందా, నీళ్లు నిలిచాయా, పురుగా అన్నది చేలోకి దిగితేనే తెలుస్తుంది.

అపోహ: వానాకాలంలో ఇది పనికిరాదు.

వాస్తవం: సగం నిజం. రెండు సెంటినెల్-2లు కలిసి ఐదు రోజులకోసారి వచ్చినా, జులై, ఆగస్టుల్లో చాలాసార్లు మబ్బే దొరుకుతుంది. తానే తరంగాలు పంపి, తిరిగొచ్చినవాటితో బొమ్మ కట్టే రాడార్ శాటిలైట్‌కి ఆ ఇబ్బంది లేదు, ఆ తరంగాలు మబ్బును దాటిపోతాయి. సెంటినెల్-1, 2022 ఫిబ్రవరిలో ఇస్రో పంపిన ఈఓఎస్-04 ఆ రకమే. నాటేసిన మడిలో నిలిచిన నీళ్లకు తగిలిన రాడార్ తరంగం వెనక్కి రాకుండా పక్కకు జారిపోతుంది, అందుకే మడి నల్లగా కనిపిస్తుంది. పైరు లేచేకొద్దీ తెలుపెక్కుతుంది. ఆ నలుపు మొదలైన తేదీని బట్టి నాట్లు ఏ వారం పడ్డాయో అంచనా కడతాం. వరద నీరూ నల్లగానే ఉంటుంది కాబట్టి ఒక్క బొమ్మ చూసి చెప్పలేం, వరసగా చూడాలి.

అపోహ: బోరు పాయింటు శాటిలైటే చెప్తుంది.

వాస్తవం: చెప్పదు. రాతి పగుళ్ల జాడలు, పాత వాగుల దారులు పైనుంచి కనిపిస్తాయి కాబట్టి వెతకాల్సిన చోటు తగ్గుతుంది, అంతే. పాయింటు పెట్టేముందు నేల మీద పరీక్ష చేయించాల్సిందే. చేయించినా నీళ్లు పడతాయని గ్యారంటీ లేదు.