మెడ మీద తగవు, కాళ్లను మరిచిన లెక్క

మోటార్‌సైకిల్ హెల్మెట్ తలను కాపాడినా దాని బరువు మెడను విరుస్తుందన్న వాదన, హెల్మెట్ నిబంధనలను బిగించినప్పుడూ సడలించినప్పుడూ తలెత్తేదే. తలకు తగిలే దెబ్బ ఎంత ప్రమాదకరమో తెలియనివారు లేరు కనుక ఆ సంగతిని పక్కన పెట్టి, ఈ తగవులో ఇరుపక్షాలూ ఆధారంగా తీసుకున్న 1981 నాటి ఒక నివేదిక దగ్గర మొదలుపెట్టాలి.

దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో జరిగిన 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను సంఘటన స్థలానికే వెళ్లి పరిశీలించి, వాటికి తోడు 3,600 పోలీసు నివేదికలను కూడా చదివింది. ఆసుపత్రి రికార్డు ఏ ఎముక విరిగిందో చెబుతుంది గానీ, అది కారు బంపర్‌కు తగిలి విరిగిందా, రోడ్డుకు తగిలి విరిగిందా అన్నది ప్రమాద స్థలంలోనే తేలుతుంది. హర్ట్ నివేదిక బలమంతా అక్కడే ఉంది. హెల్మెట్ పెట్టుకున్నవారిలో తలగాయాలే కాక మెడ గాయాలు కూడా తక్కువగానే ఉన్నాయని ఆ బృందం తేల్చింది. హెల్మెట్ వల్లనే అయ్యాయని చెప్పదగిన గాయాలు మొత్తం నాలుగే కనిపించాయి, అవీ చిన్నవే. పైగా ఆ నాలుగు సందర్భాల్లోనూ ప్రాణం తీయగల తలగాయాన్ని హెల్మెట్ ఆపి ఉంటుందని నివేదిక పేర్కొంది.

విచిత్రమేమిటంటే, మెడ వాదనకు బలం కూడా ఈ సమాచారం నుంచే వచ్చింది. 1986లో జొనాథన్ గోల్డ్‌స్టైన్ అనే ఆర్థికవేత్త దీన్నే గణాంక పద్ధతిలో మళ్లీ విశ్లేషించి, తాకిడి వేగం ఒక హద్దు దాటితే హెల్మెట్ మెడ గాయాల తీవ్రతను పెంచుతుందన్నారు. వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 61 అధ్యయనాలను కలిపి చూసి చేసిన 2008 నాటి సమీక్ష, హెల్మెట్ మరణాలను 42 శాతం, తలగాయాలను 69 శాతం తగ్గిస్తుందని లెక్కకట్టింది; మెడ సంగతి తేల్చడానికి మాత్రం ఆధారాలు చాలవంది. ఆ తర్వాత, తీవ్ర గాయాల కేసులను నమోదు చేసే అమెరికా జాతీయ ట్రామా డేటా బ్యాంక్‌లోని 40 వేలకు పైగా కేసులను పరిశీలించిన 2011 అధ్యయనంలో, హెల్మెట్ ఉన్నవారికి మెడ వెన్నెముక గాయమయ్యే అవకాశం 22 శాతం తక్కువని తేలింది.

ఈ తగవులో పడి మరుగైపోయిన భాగం అదే 1981 నివేదికలో ఉంది. ప్రాణాలు తీసినవి ప్రధానంగా ఛాతీ, తల గాయాలే అయినా, తల, మెడ కాక మిగతా శరీరానికి అయిన గాయాల్లో సగం చీలమండ, పాదం, పిక్క, మోకాలు, తొడ భాగాలవే. ఎదురుగా ఢీకొన్నప్పుడు బండి ఆగినా నడిపేవారి శరీరం ముందుకే దూసుకుపోయి పెట్రోల్ ట్యాంకును గుద్దుకుంటుంది. కనీసం 13 శాతం ప్రమాదాల్లో నడిపేవారికి గజ్జల దగ్గర గాయాలయ్యాయి. కాళ్ల రక్షణకని బండికి బిగించే క్రాష్ గార్డును కూడా హర్ట్ బృందం వదల్లేదు. దానివల్ల చీలమండకు, పాదానికి దెబ్బలు తగ్గిన మేరకు పిక్కకు, మోకాలికి, తొడకు పెరిగాయి.