క్రాష్ కాలేదంటే పాసైనట్టేనా? పార్టిషన్ టూల్ టెస్టింగ్‌లో అపోహలు - వాస్తవాలు

ఫైల్‌సిస్టమ్ మెటాడేటాను (డిస్క్‌లో ఏది ఎక్కడుందో రాసిపెట్టే సమాచారాన్ని) కావాలని పాడుచేసి, దాని మీద పార్టిషన్ టూల్ (డిస్క్‌ని భాగాలు చేసే, వాటి సైజు మార్చే ప్రోగ్రామ్) ఎలా ప్రవర్తిస్తుందో చూడటం నా పని. ఈ పనిలో తరచూ వినబడే మాటలు కొన్ని.

అపోహ: టూల్ క్రాష్ కాకపోతే టెస్ట్ పాస్.

వాస్తవం: క్రాషైతే ఏదో తేడా ఉందని యూజర్‌కి కనీసం తెలుస్తుంది. అసలు టెన్షన్ నిక్షేపంగా పనిచేసే టూల్‌తోనే. లినక్స్ ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4లో సూపర్‌బ్లాక్ (ఫైల్‌సిస్టమ్ ముఖ్య వివరాలుండే చోటు) 1024వ బైట్ దగ్గర మొదలవుతుంది. అక్కడి నుంచి 24 బైట్ల తర్వాత బ్లాక్ సైజు ఫీల్డ్. అందులో 0 ఉంటే బ్లాక్ 1024 బైట్లు, 2 ఉంటే 4096. ఆ 2ని 0 చేయండి. బ్లాకుల సంఖ్య అలాగే ఉంటుంది కాబట్టి, ఆ ఫీల్డ్‌ని గుడ్డిగా నమ్మే టూల్ 8 జీబీ ఫైల్‌సిస్టమ్‌ని 2 జీబీ అనుకుంటుంది. మిగతాది ఖాళీయే కదా అని పార్టిషన్‌ని కుదించేస్తుంది. తెర మీద ఒక్క ఎర్రర్ కూడా రాదు.

పక్క ఫీల్డులతో సరిచూస్తే ఇది ఇట్టే దొరుకుతుంది. బ్లాకుల్ని గ్రూపులుగా విడదీస్తారు. ఒక గ్రూపు బిట్‌మ్యాప్ (ఏ బ్లాకు ఖాళీయో ఒక్కో బిట్‌తో చెప్పే పట్టిక) ఒకే బ్లాకులో పట్టాలి. 1024 బైట్లలో ఉండేవి 8192 బిట్లే. గ్రూపుకి 32768 బ్లాకులని ఇంకో ఫీల్డ్ చెబుతోంది. రెండూ పొసగవు.

అందుకే నేను ఎర్రర్ మెసేజ్ కంటే ముందు ఇమేజ్ (డిస్క్‌కి నకలుగా వాడే ఫైల్) హ్యాష్ చూస్తాను. హ్యాష్ అంటే ఫైల్‌లోని బైట్లన్నిటి నుంచి లెక్కగట్టిన గుర్తు, ఒక్క బైట్ మారినా అదీ మారుతుంది. పని చేయనని చెప్పిన టూల్ ఒక్క బైట్ కూడా మార్చి ఉండకూడదు. ఖాళీ ఎంతుందో చూద్దామని రీడ్-ఓన్లీగా మౌంట్ చేసినా జర్నల్ రీప్లే (మధ్యలో ఆగిన రాతల్ని చిట్టా చూసి పూర్తిచేయడం) జరిగి రాత పడొచ్చు, జాగ్రత్త.

అపోహ: చెత్త బైట్లు కుమ్మరిస్తే చాలు.

వాస్తవం: జీపీటీలో (డిస్క్‌లోని పార్టిషన్ల జాబితాలో) హెడర్‌కీ, ఎంట్రీల పట్టికకీ విడివిడిగా సీఆర్‌సీ32 (బైట్లు చెడిపోతే పట్టిచ్చే చెక్‌సమ్) ఉంటుంది. చెత్త పోస్తే టూల్ గుమ్మంలోనే ఆపేస్తుంది, లోపలి కోడ్ దాకా పరీక్ష చేరదు. ఎంట్రీ మార్చాక ముందు పట్టిక సీఆర్‌సీ, ఆ తర్వాత హెడర్ సీఆర్‌సీ లెక్కగట్టి రాయాలి. పట్టిక సీఆర్‌సీ ఉండేది హెడర్‌లోనే కనుక ఈ వరస తప్పకూడదు.

అపోహ: నిజంగా చెడిపోయిన డిస్క్ కావాలి.

వాస్తవం: అక్కర్లేదు. ఒక ఇమేజ్ ఫైలూ, డీడీ కమాండూ (కోరిన చోట బైట్లు రాసేది) చాలు. డీడీకి నోట్రంక్ (ఫైల్‌ని కత్తిరించొద్దని చెప్పే ఆప్షన్) ఇవ్వడం మరిచిపోతే మాత్రం రాసిన చోటు తర్వాతి ఇమేజంతా తెగిపోతుంది.

అపోహ: ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్‌సిస్టమ్ తప్పులు వెతికి సరిచేసే ప్రోగ్రామ్) ఒకసారి బాగుచేస్తే అయిపోయినట్టే.

వాస్తవం: రెండోసారి కూడా నడపండి. ఈఎక్స్‌టీ4 టూల్స్ ప్యాకేజీ ఈ2ఎఫ్ఎస్‌ప్రోగ్స్ టెస్టుల్లో పాడైన ఇమేజ్‌లకి రెండు విడతల అవుట్‌పుట్‌నీ విడివిడిగా పోల్చి చూస్తారు. తప్పులు సరిచేస్తే ఎగ్జిట్ కోడ్ 1, ఏ తప్పూ లేకపోతే 0. రెండోసారీ 1 వచ్చిందంటే మొదటి మరమ్మతు సగమే జరిగింది.

అపోహ: సరిచేసిన బగ్ తాలూకు ఇమేజ్ దాచడం దండగ.

వాస్తవం: అదే బగ్ మళ్లీ వస్తే పట్టిచ్చేది ఆ ఇమేజే. ఎక్కువగా సున్నాలే కాబట్టి కంప్రెస్ చేస్తే బాగా చిన్నదైపోతుంది. యూజర్ పంపినదైతే ఈ2ఇమేజ్‌లో (ఫైల్‌సిస్టమ్ మెటాడేటాని ఫైల్‌గా తీసే టూల్‌లో) ఫైళ్ల పేర్లు గజిబిజి చేసే ఆప్షన్ వాడమనండి. హ్యాష్ ట్రీ డైరెక్టరీల (ఫైల్ పేరు హ్యాష్‌ని బట్టి ఫైళ్లను వెతికే ఫోల్డర్ల) బగ్‌కి మాత్రం ఆ ఆప్షన్ పనికిరాదు, ఎందుకంటే ఫైల్ పేరు మారితే హ్యాషూ మారిపోతుంది.